తాడ్వాయి అడవిల ఫోన్ కలవదు, అందుకే వాకీటాకీలు కొన్నం

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు, "అన్నా మీ గ్యాంగ్ దగ్గర వాకీటాకీలు ఉన్నయ్ గదా, ఏ కంపెనీవి తీస్కోమంటవ్, మేం ఎనిమిది బండ్ల మీద బొగత జలపాతం కాడికి పోతున్నం" అని. కంపెనీ పేరు ఒకటి చెప్పి ఊకుంటే అయిపోతుండె, కాని ఆ ఒక్క పేరుతోటి ఆయన పని కాదు. మేం ఒకసారి తప్పువి కొని, మల్ల సరైనవి కొని, మైకులు రెండుసార్లు మార్చి, ఒక్కో రైడ్ల ఒక్కోటి నేర్చుకున్నం. అదంత ఈడ రాస్తున్న. జర పొడుగైతది, ఓపిక పట్టుర్రి.

అసలు ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, రెండేండ్ల కింద ఆగస్టుల ఏడు బండ్ల మీద బొగతకు పోయినం. పొద్దుగాల ఐదున్నరకు హన్మకొండల బయలెల్లి, గట్టమ్మ తల్లికి మొక్కి, ములుగుల ఇడ్లీ తిని, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదికెళ్లి గోదావరి బ్రిడ్జి దాటి వాజేడు దిక్కు పోయినం. పోయేటప్పుడు ఏం కాలేదు. వచ్చేటప్పుడు వాన అందుకున్నది. అందరికన్న ఎనక వస్తున్నది మా చిన్నాయన కొడుకు, తాడ్వాయి దాటినంక వాని బండి క్లచ్ వైరు తెగింది. ఆడ సిగ్నల్ లేదు. హారన్ కొట్టిండట, లైటు కొట్టిండట, గంత వానల ముంగటోనికి అద్దంల ఏం కనవడ్తది. మేం ములుగుల చాయ్ హోటల్ కాడ ఆగి బండ్లు లెక్కపెడితె ఆరే ఉన్నయ్.

ముందుగాల "వస్తడు తియ్" అనుకున్నం, పావుగంట చూసినం, ఫోన్ చేస్తే కలుస్తలేదు, ఇంకో పావుగంటకు అందరి మొకాలల్ల రక్తం లేదు, ఎందుకంటె ఆ రోడ్డు మీద రాత్రి పగలు తేడా లేకుంట ఇసుక లారీలు తిరుగుతయ్, వాటి పక్కపొంటి బండి నడిపినోళ్లకు తెలుసు అది ఎట్లుంటదో. నలుగురం మళ్లి ఎనకకు పోయినం. వాడు ఒక చెట్టు కింద నిలవడ్డడు, పూర్తిగ నానిండు, పెదవులు నల్లవడ్డయ్, దగ్గర దగ్గర రెండు గంటలు ఆ చీకట్ల ఒక్కడే. మమ్ముల చూసి "మీరు పోయిన్రనుకున్న అన్నా" అన్నడు. కోపం చేసి తిట్టినా బాగుండు. ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకున్న గాని నిద్ర పట్టలే. తెల్లారి అందరం కూసొని ఒకటే అనుకున్నం, ఎనకోడు ఆగిండన్న సంగతి ముంగటోనికి ఆ నిమిషంల తెల్వాలె, ఎట్లనన్న చెయ్యాలె. ఇప్పటికీ మేం ఏ సామాన్ కొన్నా ఈ ఒక్కదానికి పనికొస్తదా లేదా అన్నదే చూస్తం.

ఫోన్ల వాకీటాకీ లెక్క మాట్లాడే యాప్‌లు ఉన్నయ్ అని ఒకరన్నరు. అవి నెట్ ఉంటేనే నడుస్తయ్. పస్రా దాటినంక నెట్టే లేదాయె, ఇగ దాని గురించి మాట్లాడుడు ఎందుకు.

రెండోది హెల్మెట్‌కు పెట్టుకునే బ్లూటూత్ ఇంటర్‌కామ్. సేనా, కార్డో అని పెద్ద పేర్లు. నిజం చెప్తున్న, సౌండ్ల దాన్ని మించింది లేదు. ఫోన్ల మాట్లాడినట్టు ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు, బటన్ ఒత్తే పని లేదు, చేతులు హ్యాండిల్ మీదనే ఉంటయ్, గాలి మోత తగ్గించే సర్క్యూట్ దాంట్లనే ఉంటది. ఇద్దరే పోయేటోళ్లయితే, భార్యాభర్తలు ఒక్క బండి మీద పోయేటోళ్లయితే, ఇగ ఇదంత సదవకుర్రి, ఇంటర్‌కామ్ తీస్కోర్రి. నేను మా ఇంటామె కలిసి పోయేటప్పుడు మాకు కూడ అదే ఉన్నది, ఆమె ఎనక కూసొని "జర మెల్లగ, ముందల బర్లున్నయ్" అంటే నాకు చెవుల సక్కగ ఇనవడ్తది.

కాని ఏడెనిమిది బండ్లంటే లెక్క వేరే. పాత రకం బ్లూటూత్ ఇంటర్‌కామ్ గొలుసు లెక్క పనిచేస్తది, ఒకటో బండి రెండోదానితోటి, రెండోది మూడోదానితోటి. నడుమ ఒకడు పెట్రోల్ బంకుల ఆగితే గొలుసు తెగుతది. మెష్ అని కొత్త రకం వచ్చింది, దాంట్ల నడిమిటోడు తప్పుకున్నా మిగిలిన సెట్లు వాటంతట అవే తొవ్వ దొర్కవట్టుకుంటయ్, పదిహేను మంది దాక, కొన్నిట్ల ఇంక ఎక్కువ మంది కూడ మాట్లాడొచ్చు. మస్తుంటది. కాని మంచి కంపెనీల మెష్ సెట్టు ఒక్కొక్కటి ఇరవై వేల పైమాటే, ఒక కంపెనీ మెష్ ఇంకో కంపెనీ మెష్‌తోటి కలవది, అందరూ ఒకటే కొనాలె. మా దాంట్ల ఇద్దరు ప్రైవేటు టీచర్లు, ఒకడు సెల్ షాపుల పనిచేస్తడు, ఒకాయన వ్యవసాయం చేస్తడు. బండి కిస్తీలే ఇంక అయిపోలేదు, హెల్మెట్‌కు ఇరవై వేలు పెట్టుమని ఎట్ల అడుగుత? పైగ దూరం. డబ్బా మీద కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు అని రాస్తరు, అది అడ్డం ఏం లేని సాపు జాగల లెక్క. ఇవన్ని 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తయ్, ఆ తరంగం పొడుగు పన్నెండున్నర సెంటీమీటర్లే, నానిన ఆకులన్నా, లారీ బాడీ అన్నా దానికి పెద్ద గోడే.

దూరం ఎంత కావాలెనో మేం లెక్క కట్టి చూసినం. గంటకు 60 మీద పోతె సెకనుకు పదహారు పదిహేడు మీటర్లు, బండికి బండికి మూడు సెకన్ల ఎడం పెడితె 50 మీటర్లు, ఏడు బండ్లకు ఆరు ఎడాలు, మొత్తం 300 మీటర్లు. ఇంత చిన్నదానికి ఏదైనా సరిపోతది. కాని నడుమ మూడు ఇసుక లారీలు దూరినయనుకో, ఎనకిద్దరు ఓవర్‌టేక్ చెయ్యలేక ఆగిండ్రనుకో, చూస్తుండంగనే కిలోమీటరున్నర అయితది. అంటే మాకు కావాల్సింది అడవిల, మలుపులల్ల, లారీలు అడ్డమున్నా ఒక కిలోమీటరున్నర కచ్చితంగ ఇనవడేది. ఆ తర్వాత ఎంతున్నా లాభమే.

ఇగ మా తప్పు సంగతి. ఆ ఘటన అయిన వారంల నేను ఆన్‌లైన్ల చూసి నాలుగు సెట్లు తెప్పించిన. అందరికీ తెలిసిన మోడలే, బావోఫెంగ్ అనే చైనా కంపెనీ యూవీ-5ఆర్ అసొంటిది, 136 నుంచి 174 దాక, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాక ఏ ఫ్రీక్వెన్సీ నంబర్ కొడితె ఆ నంబర్ మీద మాట్లాడతది, పవర్ నాలుగైదు వాట్లు. అగ్గువకు వచ్చింది, లైసెన్స్ గురించి ఆ పేజీల ఒక్క ముక్క లేదు. మా కాలనీల ఒక రిటైర్డ్ సారు ఉన్నడు, హ్యామ్ రేడియో, అంటె సరదాకు రేడియో మీద మాట్లాడుకునేటోళ్లకు ఇచ్చే లైసెన్స్ ఉన్నోడు, ఇంటి మీద యాంటెనా కనవడ్తది. సెట్టింగులు అడుగుదామని తీస్కపోయిన. సారు చేతికి తీస్కొని చూసి, "బాబూ, ఇది లైసెన్స్ లేకుంట నువ్వు వాడుడు చట్టం ప్రకారం నేరం, అడవి దిక్కు అసలే తీస్కపోకు" అన్నడు. నాకు నమ్మబుద్ధి కాలే, డబ్బులు పోయినయన్న బాధ ఒకటి. అప్పుడు కూసొవెట్టి చెప్పిండు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్త. మన దేశంల రేడియో ఫ్రీక్వెన్సీలు సర్కారువి, టెలికాం శాఖల డబ్ల్యూపీసీ అనే విభాగం వాటిని చూస్తది. పోలీసులకు, ఫారెస్టోళ్లకు, రైల్వేకు ఎవలది వాళ్లకు ఇస్తది. ఆ చైనా సెట్టు వీటిల్ల దేనిమీదికన్న పోగలుగుతది, తెల్వకుంట ఒక నంబర్ కొట్టి "అరేయ్ యాడున్నవ్ రా" అని ఒర్రితె, అదే టైముల అంబులెన్స్ కోసమో, మంటల కోసమో మాట్లాడుకునేటోళ్ల మాట నీ కింద పడి పోతది. ఈ మాట నాకు బాగ తాకింది. మన ఎనకోడు ఆగిండని తెల్వనీకె కొన్న సామాన్ ఇంకొకరి పానం మీదికి రావొద్దు గదా. హ్యామ్ లైసెన్స్ తీస్కుంటే 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ అసొంటి బ్యాండ్లల్ల మాట్లాడొచ్చు, పన్నెండేండ్లు నిండినోళ్లు ఎవలైనా పరీక్ష రాయొచ్చు, కాని గ్రూపుల మాట్లాడే ప్రతి ఒక్కరికి లైసెన్స్ ఉండాలె, ఒక్కరికుంటే అందరికీ నడవది.

మరి మామూలోళ్లకు తొవ్వ లేదా అంటే ఉన్నది. 2018ల కేంద్రం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఒక చిన్న ముక్కను లైసెన్స్ అక్కర్లేకుంట వదిలింది, అర వాటు పవర్ దాటొద్దు. యూరప్‌ల పీఎంఆర్ 446 అంటరు, దాని జాగనే ఇది, పన్నెండున్నర కిలోహెర్ట్జ్ ఎడం తోటి పదహారు చానళ్లు పడ్తయ్. సెట్టుకు ఈటీఏ అనే అనుమతి మాత్రం ఉండాలె, అది కంపెనోడో దిగుమతి చేసినోడో తెచ్చుకునేది, మనం చెయ్యాల్సింది ఏందంటె కొనేముందు "ఈటీఏ సర్టిఫికెట్ చూపెట్టు" అని అడుగుడు. చూపెట్టకపోతే వదిలెయ్యుర్రి. ఆన్‌లైన్ల అమ్మేటోళ్లు ఈ వివరాలు చూపెట్టాలె అని 2025ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు కూడ ఇచ్చింది, కావట్టి అడుగుడు మన హక్కే, మొహమాటపడే పని లేదు.

ఇంకో రెండు బ్యాండ్లు కూడ లైసెన్స్ లేకుంట ఉన్నయ్ అని నెట్ల సదివి కొందరు అడుగుతరు. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండ్ ఒకటి, దాని తరంగం పొడుగే 11 మీటర్లు, చేతిల పట్టే చిన్న యాంటెనాతోటి అది సక్కగ పని చెయ్యది. 433 ఒకటి, దాంట్ల పవర్ 10 మిల్లీవాట్లకే పరిమితి, అది గేటు రిమోట్లకు సరిపోతది. బండ్లోళ్లకు 446 ఒక్కటే పనికొచ్చేది.

అమెరికాల చుట్టాలున్నోళ్లకు ఒక మాట. మన దిక్కు ఇంటికొకరు ఆడ ఉన్నరు గదా, వచ్చేటప్పుడు "బావా నీకోసం వాకీటాకీ జత తెచ్చిన" అని ఇస్తరు. ఆడ లైసెన్స్ లేకుంట నడిచేవి 462, 467 మెగాహెర్ట్జ్ మీద ఉంటయ్, ఈడ ఆ జాగ వేరేటోళ్లది. మన 446 సెట్లతోటి అవి మాట్లాడయ్ కూడ. మంచి మనసుతోటి తెచ్చినా ఈడ వాడొద్దు, లండన్‌కెళ్లి, జర్మనీకెళ్లి తెచ్చే పీఎంఆర్ సెట్లు బ్యాండు అయితె అదే, వాటికీ ఈడి అనుమతి సంగతి చూస్కోవాలె.

"అర వాటేనా, అది ఏ మూలకు" అని మా బావమరిది మొకం చిన్నగ చేసిండు. నేనూ గట్లనే అనుకున్న. సారే చెప్పిండు, పవర్ పది రెట్లు పెంచితె దూరం పది రెట్లు కాదు, ఏ అడ్డం లేని ఖాళీ జాగల గూడ మూడు రెట్ల కంటె కొంచెం ఎక్కువ, నేల మీద మనం బండ్ల మీద మాట్లాడేటప్పుడు రెండు రెట్లు కూడ అయితదో కాదో అని. అసలు దూరాన్ని తేల్చేది ఎత్తు. యాంటెనా ఎంత ఎత్తుల ఉన్నదో మీటర్లల్ల తీస్కొని దాని వర్గమూలాన్ని 4.12 తోటి గుణిస్తే, భూమి వంపు అడ్డం రాకుంట ఎన్ని కిలోమీటర్లు కనవడ్తదో వస్తది. బండి మీద కూసున్నోని ఛాతీ ఎత్తు ఒక 1.4 మీటర్లు అనుకో, ఐదు కిలోమీటర్ల లోపు వస్తది, ఎదుటోనిది కూడ అంతే, రెండూ కలిపితె పది కిలోమీటర్ల లోపల. అది కూడ నడుమ చెట్టు, ఇల్లు, గుట్ట ఏం లేకుంట. కావట్టి డబ్బా మీద పది కిలోమీటర్లు, పదిహేను కిలోమీటర్లు అని ఏదన్న రాసి ఉంటే అది గుట్ట మీద నిలవడి లోయల ఉన్నోనితోటి మాట్లాడిన లెక్క.

మేం స్వయంగ చూసినం. పద్మాక్షి గుట్ట మీదికి ఒకడు ఎక్కి కింద ఇంకొకడు కాజీపేట దిక్కు బండి మీద పోతుంటే కాజీపేట చౌరస్తా దాక మాట స్పష్టంగ వచ్చింది, మా బావమరిదికి అప్పుడు నమ్మకం కుదిరింది. అదే హన్మకొండ చౌరస్తాల ఇండ్ల నడుమ అయితె అర కిలోమీటరుకే గరగర. ములుగు రోడ్డు మీద పొలాల నడుమ సక్కటి రోడ్డుల రెండు కిలోమీటర్లు దాటి ఇంక కొంచెం వచ్చింది. తాడ్వాయి అడవిల, ఆకు నిండుగున్న వానాకాలంల, మలుపులల్ల ఒక కిలోమీటరు, కిలోమీటరుంబావు. మేం అనుకున్న కిలోమీటరున్నరకు జర తక్కువే. కాని నడుమ ఒకనికి సెట్టు ఇస్తే ఆయన అటు మాట ఇటు చెప్తడు, ఆ లోటు తీరింది.

సెట్టు ఒంటి మీద యాడ పెట్టినమన్నది కూడ మస్తు తేడా చూపెడ్తది, ఇది ఎవలూ చెప్పరు. నడుముకు బెల్టుకు పెడితె మన ఒళ్లే దానికి అడ్డం, మనిషి ఒంట్ల నీళ్లే గదా ఎక్కువ, తరంగాన్ని మింగుతది. ముంగట పోయేటోడు కుడి నడుముకు పెట్టుకుంటే ఎడమ దిక్కు మలుపుల ఎనకోనికి మాట తెగిపోయేది. భుజం మీద బ్యాగు పట్టీకి, యాంటెనా నిట్టనిలువుగ ఉండేటట్టు కట్టినంక బాగైంది. యాంటెనా అడ్డంగ పండవెట్టొద్దు, అందరిదీ నిలువుగనే ఉండాలె.

ఇప్పుడు అసలు కత, మైకు. దూరం గురించి గింత కొట్టుకుంటం గాని మా పైసలు ఎక్కువ పోయింది, తిప్పలు ఎక్కువ పడ్డది మైకుతోటే. సెట్టుతోటి వచ్చే ఇయర్‌ఫోన్ నడిచేటోళ్లకు, సెక్యూరిటీ వాళ్లకు చేసింది, కాలర్‌కు క్లిప్ పెట్టే మైకు. బండి 50 దాటినంక దాంట్ల గాలి తప్ప ఏం లేదు. మొదటి రైడ్ల ఆత్మకూరు దాటకముందే అందరూ చెవులల్లకెళ్లి పీకేసిండ్రు. తర్వాత గొంతుకు కట్టే మైకు తెచ్చినం, గొంతు అదురును పట్టుకునేది, గాలి రాదు నిజమే, కాని మాట ముక్కుల మాట్లాడినట్టు వస్తది, పైగ ఎండాకాలం మెడకు పట్టీ అంటే చెమటకు దద్దుర్లు లేచినయ్. ఆఖరికి హెల్మెట్ లోపల నోటి ముంగట అతికించే మైకు, దానికి స్పాంజి తొడుగు, చెవి దగ్గర పల్చటి స్పీకర్, గీ సెట్టు కుదిరింది. ఫుల్ ఫేస్ హెల్మెట్‌ల దవడ దగ్గర లోపలి దిక్కు, పెదవులకు రెండు వేళ్ల దూరంల పెట్టాలె. ఓపెన్ హెల్మెట్ పెట్టుకునేటోనికి ఈ మైకు సక్కగ పని చెయ్యది, మా దాంట్ల ఒకాయన ఇందుకోసమే ఫుల్ ఫేస్ కొన్నడు, నాకైతె అది వాకీటాకీ వల్ల అయిన పెద్ద మంచి పని అనిపించింది.

సెట్టు కొనేముందు దానికి మైకు వైరు పెట్టే పిన్ను ఏ రకందో చూడుర్రి. కెన్‌వుడ్ కంపెనీ రకం రెండు పిన్నులది అయితె హెల్మెట్ హెడ్‌సెట్లు బజార్ల ఎన్నో దొర్కుతయ్. కొన్ని చిన్న సెట్లకు వేరే రకం ఒంటి పిన్ను ఉంటది, తర్వాత హెడ్‌సెట్ దొర్కక ఏడుస్తరు. నన్నడిగితె ఇదే మొదటి ప్రశ్న కావాలె, కంపెనీ పేరు తర్వాత.

బటన్ సంగతి. వీటిల్ల ఒకరు మాట్లాడితె మిగిలినోళ్లు ఇనాలె, ఒత్తి మాట్లాడి వదలాలె, పీటీటీ అంటరు. వాక్స్ అని ఇంకోటి ఉంటది, మన గొంతు ఇని అదే ఆన్ అయితది, బటన్ పనే లేదు. ఇనటానికి మస్తుంటది, బండి మీద మాత్రం పెట్టకుర్రి. దానికి మన గొంతు, గాలి మోత, లారీ హారన్ అన్ని ఒకటే, ఒకని హెల్మెట్ల గాలికి సెట్టు ఆన్ అయి ఉంటే మిగిలిన ఆరుగురి నోర్లు మూసినట్టే, చానల్ ఖాళీ ఉండదు. మాకు గట్లనే అయింది, ఎవలదో తెల్వక అందరం ఆగి ఒక్కొక్కరిది చూసినం. దాని సెన్సిటివిటీ తగ్గించి పెడితె మాట మొదటి ముక్క తెగిపోతది, "గుంత ఉన్నది" అంటే "ఉన్నది" అని ఇనవడ్తది. ఏం ఉన్నదో ఎవలికి తెల్సు. కావట్టి హ్యాండిల్‌కు వెల్‌క్రో పట్టీతోటి కట్టే బటన్, ఎడమ బొటనవేలికి అందేటట్టు, గ్రిప్ వదలకుంట ఒత్తేటట్టు. ఒత్తినంక ఒక్క సెకను ఆగి మాట్లాడాలె, ఇది అలవాటు కానీకె మాకు రెండు రైడ్లు పట్టింది.

సెట్టు చేతిల పట్టుకొని మాత్రం మాట్లాడొద్దు. పానానికే ముప్పు, చట్టం కూడ ఒప్పుకోదు. 2019ల మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 184 సెక్షన్ల చేతిల పట్టుకొని మాట్లాడే పరికరాలు నడిపేటప్పుడు వాడుడు ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద పెట్టిండ్రు. ఇంకోటి, స్పీకర్ ఒక్క చెవికే పెట్టుకోర్రి, రెండో చెవి రోడ్డుకు వదలాలె.

ప్రైవసీ కోడ్ అని డబ్బా మీద 38, 121 అని పెద్ద పెద్దగ రాస్తరు. పేరు చూసి మోసపోకుర్రి, మన మాట వేరేటోళ్లు ఇనకుంట అది ఆపది. మన మాట కింద చెవికి సరిగ ఇనవడని ఒక సన్నటి టోన్ పంపుతది, అదే టోన్ పెట్టుకున్న సెట్టే నోరు తెరుస్తది, అంటే వేరేటోళ్ల ముచ్చట మనకు ఇనవడకుంట ఉంటది, గంతే. మన మాట ఎవలైనా ఇనొచ్చు. అందుకే డబ్బుల సంగతి, ఇంటి సంగతి దాంట్ల మాట్లాడం. మేడారం జాతర టైముల అయితె చానల్ దొర్కుడే కష్టం, ముందే రెండు చానళ్లు అనుకొని పెట్టుకోవాలె, మొదటిది గోల ఉంటే "రెండోదానికి రారి" అంటె అందరూ మారాలె.

నీళ్ల సంగతి, ఐపీ అని రెండంకెలుంటయ్, మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. 67 అంటే మీటరు లోతు నీళ్లల్ల అరగంట ఉన్నా తట్టుకుంటది, 54 అంటే చిందులకు సరిపోతది, మన ఆగస్టు వానకు చాలదు. అయితె హెడ్‌సెట్ పిన్ను పెట్టే మూత తీసినంక సెట్టుకు ఏ నంబరున్నా నీళ్లు ఆడికెళ్లే పోతయ్, పాల ప్యాకెట్ కవరు చుట్టి రబ్బర్ వేస్తున్నం. బ్యాటరీ గురించి పెద్ద ముచ్చట లేదు, 1500 ఎంఏహెచ్ ఉంటే మాకు పొద్దుందాక వస్తున్నది, టైప్ సీ చార్జింగ్ ఉంటే చాలు. మే నెలల ట్యాంక్ బ్యాగుల మాత్రం పెట్టకుర్రి, రామగుండం రోడ్డు మీద ఒకసారి తీస్తే చెయ్యి కాలింది.

మాట్లాడే పద్ధతి కూడ సామాన్ల భాగమే అంట నేను. మొదట్ల అందరం ముచ్చట్లు పెట్టినం, సినిమా గురించి, బిర్యానీ గురించి, అవసరం వచ్చినప్పుడు చానల్ ఖాళీ లేకుండె. ఇప్పుడు మా మాటలు చిన్నగైనయ్. "ఎడమ గుంత." "బర్లు." "వడ్లు కుడి దిక్కు", అంటే రైతులు రోడ్డు మీద వడ్లు ఆరబోసిండ్రు, చుట్టూ రాళ్లు పెట్టిండ్రు, రాత్రయితె ఆ రాళ్లు కనవడయ్, కిందటేడు యాసంగి కోతలప్పుడు ఈ ఒక్క మాట మమ్ముల రెండుసార్లు కాపాడింది. "లారీ మూడు" అంటే మూడు లారీలు ఎదురొస్తున్నయ్. అన్నిటికంటే ముఖ్యమైంది ఎనకోడు పది నిమిషాలకోసారి "ఎనక ఉన్న" అనాలె, అనకపోతే ముంగటోడు అడగాలె, జవాబు రాకపోతే అందరం ఆగాలె. రూల్ ఒక్కటే, దీనికి తిరుగు లేదు.

చెక్‌పోస్టు కాడ ఒకసారి ఆపిండ్రు. అవతల ఛత్తీస్‌గఢ్ అడవి, భుజానికి వాకీటాకీలు కనవడితె ఎవలైనా అడుగుతరు, అడగాలె కూడ. నేను సెట్టు తీసిచ్చి, ఈటీఏ కాగితం ఫోన్ల ఫొటో తీసి పెట్టుకున్న, అది చూపెట్టిన, 446, అర వాటు అని చెప్పిన. ఆయన చూసి ఎవలెవలు యాడికి పోతున్నరో రాసుకొని పంపిండు. ఆ చైనా సెట్లే ఉండి ఉంటే ఆడ ఏం చెప్పేటోన్ని అని గుండె దడదడ కొట్టుకున్నది. కాగితం ఫొటో మాత్రం తప్పకుంట పెట్టుకోర్రి, సిగ్నల్ లేని కాడ నెట్ల వెతికి చూపెట్టలేం గదా.

తమ్మీ, ఇగ నీ ప్రశ్నకొస్త. ఎనిమిది మందికి ఎనిమిది సెట్లు ఇప్పుడే కొనకు. మూడు కొను. ముంగటోనికి ఒకటి, నడిమిటోనికి ఒకటి, ఆఖరోనికి ఒకటి. 446, అర వాటు, ఈటీఏ, రెండు పిన్నుల రకం, ఐపీ 67, గివి ఉన్నది ఏ కంపెనీదైనా సరే. సెట్టు మీద మిగిలిన పైసలు హెల్మెట్ మైకుకు, హ్యాండిల్ బటన్‌కు పెట్టు. కొన్నంక సక్కగ బొగతకు పోకుర్రి, ముందుగాల ఒక ఆదివారం రామప్ప దాక పోయి రారి, పాలంపేట కాడ చెరువు కట్ట మీద నిలవడి దూరం చూస్కోర్రి, అప్పుడు మీకే అర్థమయితది ఏది వదులైంది, ఏది గరగర అంటున్నదో. ఆఖరి బండి మీద అందరికన్న మెల్లగ నడిపేటోన్ని కాదు, బండి రిపేరు జర తెలిసినోన్ని పెట్టు, మెల్లగ నడిపేటోడు రెండో నంబర్ల ఉండాలె, వాని స్పీడే అందరి స్పీడు.

పోయిన నవంబర్ల మల్ల అదే తొవ్వల వచ్చినం. ఆఖర్ల అదే మా చిన్నాయన కొడుకు, నేనే వద్దన్న, "నేనే ఉంట అన్నా" అన్నడు. పస్రా ఇంక ఐదారు కిలోమీటర్లుందనంగ చెవుల గరగరమన్నది, తర్వాత వాని గొంతు, "ఎనక ఆగిన, టైరు మెత్తగైంది, ఆగుర్రి." నడిమిటోడు అదే మాట మల్ల చెప్పిండు. అద్దంల చూస్తే ఒక్కొక్క బండి ఇండికేటర్ వేసి పక్కకు దిగుతున్నది. నేను బండి తిప్పుకొని పోయేసరికి వాడు పంక్చర్ కిట్టు తీసి కింద పరిచి కూసున్నడు, "ఈసారి తొందరగనే వచ్చిన్రు" అని నవ్విండు.